ర్యామ్ ఏరిన వేళ్లు

మా వదిన ఎనెయిదా ఎవరి ముఖమైనా చూడాలనుకుంటే వాళ్ల భుజం మీదుగా ఎక్కడో దూరానికి చూసేది. కొత్తవాళ్లు తమ వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసుకునేవాళ్లు. ఆమె చూపులో నడిమధ్య ఒక మంచు ముద్ద ఉండేది. సూటిగా చూస్తే మనిషి ఉండాల్సిన చోట బూడిదరంగు పొగ. పక్కకు చూస్తే మాత్రం ఆ పొగ అంచు దాటి చెవి, జుట్టు, చొక్కా కాలరు, వాకిట్లో స్తంభం కనబడేవి.

"మీరందరూ నాకు అంచులే, మిరేయా. నడిమి భాగం నేనే కల్పించుకుంటాను," అనేది నాతో.

"నన్నెలా కల్పించుకున్నావేంటి?"

"పెళ్లినాడు ఎలా ఉన్నావో అలాగే. అంతకుమించి లావవనివ్వను," అని నవ్వేది.

ఆమె నా భర్త ఎవెలియోకు అక్క. మా ఊరు సాన్ హువాన్‌లో ఆడవాళ్లు చాలామంది చేసిన పనే తనూ చేసింది. పెళ్లీడు రాకముందే పొగాకు గ్రేడింగ్ షెడ్డులో చేరింది. చల్లటి చీకటి గది, తడిపిన ఆకుల వాసన, వరసగా కూర్చున్న ఆడవాళ్లు. ఒళ్లో ఆకుల కట్ట పెట్టుకుని ఒక్కో ఆకునూ తొడమీద పరిచి, రంగు చూసి, ఈనె తడిమి, చుట్టకు పైపొరగా పోయేదేదో లోపలికి పోయేదేదో విడదీయాలి. మా వదిన చేతిలో ఆకు ఒక్క క్షణం కూడా ఆగేది కాదని ఆమెతో పనిచేసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

తర్వాత ఆ కరువు రోజులొచ్చాయి. నూనె లేదు, మాంసం లేదు, పంచదార నీళ్లు తాగి పనికి పోయిన రోజులు. మా ప్రాంతంలో ఎంతోమందికి చూపు మసకబారింది అప్పుడే. డాక్టర్లొచ్చారు, ఇంటింటికీ విటమిన్ బిళ్లలు పంచారు. చాలామందికి చూపు తిరిగొచ్చింది. మా వదినకు సగమే వచ్చింది. ఆకులో తేనెరంగుకీ ఇటుకరంగుకీ తేడా తెలియనప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుని ఏం చేస్తుంది? ఆమెను కట్టుకున్నవాడు అప్పటికే విడాకులిచ్చి పక్క ఊళ్లో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆమె మా ఇంటికొచ్చి, వాకిట్లో స్తంభాల మధ్య ఉయ్యాల కుర్చీలో కూర్చుంది. అలా చాలా ఏళ్లు కూర్చుంది. పగలంతా వీధిలో గుర్రబ్బళ్ల చప్పుడు, ఎండ ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి జరగడం, మధ్యాహ్నం ఊరంతా కునుకు తీయడం. "కల్లో మాత్రం రంగులన్నీ కనబడతాయి. అందుకే నిద్రంటే ఇష్టం," అనేది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో దిగులుండేది కాదు. ఊరికెళ్లొచ్చినవాళ్లు అక్కడి విశేషాలు చెప్పినట్టు, తన కలలు మాకు చెప్పేది.

ఎవెలియో రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు తగ్గిపోయాక కంప్యూటర్లు పట్టుకున్నాడు. మా ఊళ్లో కంప్యూటరు కొత్తది కొనడమనే మాట లేదు. ఎక్కడో ఆఫీసులో పక్కన పడేసింది, ఎవరో చుట్టం పంపింది, రెండు చచ్చినవి కలిపి ఒక బతికింది చేసింది, ఇవే. కాబట్టి అందరికీ కావలసింది విడిభాగాలే. అందులోనూ ర్యామ్. ఇల్లు ఇరుకైతే గది వేసుకున్నట్టు, మెషీన్ నత్తనడక నడిస్తే ఇంకో ర్యామ్ వేయించుకోవాలని అందరికీ ఆశ.

ఒకరోజు ఎవెలియో పాత సామాన్ల యార్డు నుంచి గోనెసంచి నిండా ర్యామ్ ముక్కలు తెచ్చాడు. వానకు తడిసి స్టిక్కర్లన్నీ ఊడిపోయాయి. అవి వాకిట్లో గుమ్మరించి, తల పట్టుకు కూర్చున్నాడు.

"దేనిమీదా పేరు లేదు. ఒక్కోటీ మెషీన్లో పెట్టి చూసుకుంటూ పోతే నా జుట్టు నెరిసిపోతుంది," అన్నాడు.

"ఉన్న నాలుగు వెంట్రుకలకీ ఆ బాధెందుకురా? ఇటివ్వు," అంది మా వదిన. ఒక పిడికెడు ఒళ్లో వేసుకుంది.

మొదట ఆమెకేమీ తెలియదు. ఎవెలియోయే నేర్పాడు. ఆమె వేలు పట్టుకుని ముక్క కింది అంచు మీద నడిపించాడు. "ఇవి బంగారు పళ్లు. పళ్ల మధ్య ఈ గాటు చూడక్కా. స్లాట్‌లో ఇదే చోట ఒక చిన్న గట్టు ఉంటుంది. గాటూ గట్టూ కలిస్తేనే లోపలికి దిగుతుంది. కలవకపోతే వేరే జాతిదన్నమాట. బలవంతం చేశావో, రెండూ పోతాయ్."

రెండు గాట్లుంటే బాగా పాతకాలపుది. ఒకటే గాటు, దాదాపు నడుమకుంటే డీడీఆర్ అనే తర్వాతి తరాల్లో వన్నో టూవో. ఆ రెంటికీ గాటు ఒకే చోట ఉన్నట్టనిపిస్తుంది గానీ, గోరుతో పళ్ల మీద గీస్తే తెలుస్తుంది. టూకి పళ్లు సన్నం, చిన్న పంటి దువ్వెనలాగా. గాటు బాగా ఒక పక్కకు జరిగితే త్రీ. పొట్టిగా ఉంటే ల్యాప్‌టాప్‌ది. చిప్‌లు వరసకు ఎనిమిది కాకుండా తొమ్మిదుంటే పెద్దాఫీసుల సర్వర్లది, ఇంటి మెషీన్లకు పనికిరాదు. సాయంత్రానికల్లా మా వదిన ముందు కుప్పలు లేచాయి. చేతులు ఆడుతుంటే ఆమె కళ్లు మూసుకునే ఉన్నాయి. పెదవులు ఏదో గొణుగుతున్నాయి. దగ్గరికెళ్లి వింటే, గ్రేడింగ్ షెడ్డులో ఆడవాళ్లు పాడుకునే పాత పాట.

అప్పటినుంచి ఆ కుర్చీ పక్కన సంచి ఉండిపోయింది. ఎవరొచ్చినా తమ ర్యామ్ ముక్క ఆమె అరచేతిలో పెట్టేవాళ్లు. ఆమె తడిమి, దాని జాతిదే ఇంకోటి సంచిలోంచి తీసిచ్చేది. స్టిక్కర్ మీద వేగం ఎంత రాసుందో నేను చదివిపెట్టేదాన్ని. వేగంలో కాస్త తేడా ఉన్నా ఫర్వాలేదనేది. "రెండెడ్లలో ఒకటి నెమ్మదైతే రెండోది కూడా దాంతోపాటే నడుస్తుంది. బండైతే కదుల్తుందిగా!"

ఫ్లోరెన్సియో మా వాకిట్లో మొదటిసారి అడుగుపెట్టింది పొగాకు నాట్లు వేసే రోజుల్లో. కొండల కింద ఒక్కడే ఉంటాడు. భార్య పోయి చాలాకాలమైంది. పొగాకు ఎండేసే పాకలకు కాపలా. పొడుగ్గా, సన్నగా, టోపీ చేతిలో పట్టుకుని మెట్టు మీదే నిలబడ్డాడు. గురువారం గుర్రబ్బండి మీద ఊళ్లోకి సరుకులకొస్తాడు. జేబులోంచి కాగితంలో చుట్టిన ర్యామ్ తీశాడు. ఓడల్లో పనిచేసే మేనల్లుడు పనామాలో కొని తెచ్చాడట.

"స్లాట్‌లో చక్కగా దిగుతుందండీ. కానీ తెర నల్లగానే ఉంటుంది. మెషీన్ మూడుసార్లు కూసి ఊరుకుంటుంది," అన్నాడు.

మా వదిన దాన్ని అటూ ఇటూ తడిమింది. "ఇది త్రీ. మీ మెషీనూ త్రీయే, లేకపోతే దిగదు. అయితే చిప్‌లు ఒకవైపే ఉన్నాయి, ఎనిమిది. మీ మెషీన్ పాతదా?"

"నా అంత కాదులెండి."

"పాతదానికి ఒక్కో చిప్‌లో ఇంత సరుకు కూరితే లెక్క తెలీదండీ. అదే సరుకు రెండువైపులా పదహారు చిప్‌లకి పంచారనుకోండి, హాయిగా చదువుకుంటుంది. అలాంటిది కావాలి మీకు. ఇది ఏ కొత్త మెషీన్‌కైనా పనికొస్తుంది, మార్చిస్తాం. కానీ ఇప్పుడు సంచిలో లేదు. వచ్చే గురువారం చూద్దాం."

"అంత ర్యామ్ ఏం చేసుకుంటారు పెద్దాయనా?" అన్నాడు లోపల్నుంచి ఎవెలియో.

ఆయన సిగ్గుపడ్డట్టున్నాడు. చొక్కా జేబులోంచి చిన్న రికార్డరు తీసి, ఇయర్‌ఫోన్ తుడిచి, మా వదిన చేతికిచ్చాడు. ఆమె చెవిలో పెట్టుకుంది. కుర్చీ ఊగడం ఆగిపోయింది.

అది మా కొండల్లోని పిట్ట. చూడ్డానికి ఏమీ ఉండదు, మట్టిరంగు. గొంతు విప్పితే మాత్రం తడివేలితో గాజుగ్లాసు అంచు రాసినప్పుడు వచ్చేలాంటి నాదం, దూరంగా, ఎటునుంచో తెలియకుండా. ఫ్లోరెన్సియో పొద్దున్నే కొండ ఎక్కి ఆ పాటలు పట్టుకొస్తాడు. ఇంటికెళ్లి కంప్యూటర్లో పెట్టుకుంటాడు. కానీ పాట పొడుగైతే మెషీన్ ఊపిరాడక మధ్యలో ఆగిపోతుంది.

"గొంతులో నీళ్లుపోసినట్టు ఆగుతుందండీ పిట్ట. వినలేం," అన్నాడు.

మా వదిన చాలాసేపు ఇయర్‌ఫోన్ తీయలేదు. తీశాక ఆయన భుజం పైనుంచి వీధివైపు చూసింది. ఆయన కూడా అందరిలాగే వెనక్కి తిరిగాడు. తర్వాత సంగతి గ్రహించినట్టున్నాడు, మళ్లీ ఎప్పుడూ తిరగలేదు.

అలా గురువారాలు మొదలయ్యాయి. ప్రతిసారీ ఒక ర్యామ్ తెచ్చేవాడు. "ఇది ఇంకొకాయన ఇచ్చాడండీ, ఇదైనా పనికొస్తుందేమో చూడండి," అనేవాడు. మా వదిన శ్రద్ధగా తడిమేది. "ఇదీ ఒకవైపుదేనండీ," అనేది. ఆయన "అయ్యో" అనేవాడు, కానీ ఆ అయ్యోలో బాధేమీ వినబడేది కాదు. తర్వాత కాఫీ, తర్వాత పిట్టపాట, ఎండ రెండో స్తంభం దాటేదాకా ఇద్దరూ చెరో కుర్చీలో ఊగుతూ కూర్చునేవాళ్లు. ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు కూడా కాదు. ఒక్కోసారి ఇద్దరూ నిద్రపోయేవాళ్లు. అప్పుడు వీధిలో పోయేవాళ్లు గొంతు తగ్గించి పోయేవాళ్లు.

ఎవెలియోకు నోరు ఊరుకోదు. ఒక గురువారం బండి చప్పుడు వినగానే గట్టిగా అరిచాడు. "మిరేయా, కాఫీ పెట్టు! బావగారొచ్చారు!"

ఫ్లోరెన్సియో మెట్టు మీద తడబడ్డాడు. మా వదిన కుర్చీలోంచే చెప్పు విసిరింది. చూపు లేదంటారు గానీ అది సరిగ్గా ఎవెలియో వీపుకే తగిలింది.

మామిళ్లు కాపుకొచ్చి, చెట్లకింద పండ్లు రాలి వీధంతా తియ్యటి పులుపు వాసన వేస్తున్న రోజుల్లో, బట్టలుతుకుతుంటే మా వదిన గౌను జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూశాను. ర్యామ్. త్రీ. రెండువైపులా నల్లటి చిప్‌లు, ఇటు ఎనిమిది, అటు ఎనిమిది. తడిచేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చాను.

"వదినా, ఏంటిది?"

ఆమె చేయి చాపింది. ముట్టుకోగానే తీసేసుకుని జేబులో వేసుకుంది, ఒంటిమీదున్న గౌను జేబులో.

"పాపం ఆ మనిషి ఎండలో అంతదూరం పడి వస్తున్నాడు. నీ దగ్గరే పెట్టుకుని లేదంటావా?"

"ఇచ్చేస్తే ఇంక దేనికొస్తాడే?"

"పాట వినిపించడానికొస్తాడు."

"ర్యామ్ కోసమైతే ఎవరూ ఏమీ అనుకోరు. పాట కోసమంటే ఊరంతా అనుకుంటుంది."

"ఊరు ఇప్పటికే అనుకుంటోందిలే. నువ్వు చాలా తెలివైనదానివనుకున్నాను."

"నేనొక్కదాన్నే అనుకున్నావా?" అంది చిన్నగా. "ఆయన తెచ్చేది కూడా ప్రతివారం అదే ముక్క. కుడి మూల చిన్న గీటుంది. ఒక వారం స్టిక్కర్ పీకేసి తెచ్చాడు, జిగురు ఇంకా వేలికంటింది. ఇంకో వారం సబ్బుతో కడిగినట్టున్నాడు, కమ్మటి వాసన." చెబుతూ చెబుతూ ముఖం అటు తిప్పుకుంది. ఆ వయసులో ఆమె బుగ్గలు అంత ఎర్రబడతాయని నాకు తెలియదు. నేను మళ్లీ బట్టల దగ్గరికి వెళ్లిపోయాను. ఎవెలియోకు కూడా చెప్పలేదు.

వానాకాలం చివర్లో ఒక తుఫాను మా మీదుగా పోయింది. పెద్దదేం కాదు, హవానాలో దాన్ని ఎవరూ లెక్కచేసి ఉండరు. కానీ కొండల కింద పొగాకు పాకల కప్పులు కొన్ని లేచిపోయాయి. వంతెన మీదకు ఏరొచ్చింది. ఆ గురువారం ఫ్లోరెన్సియో రాలేదు. దారి బాగోలేదనుకున్నాం. తర్వాతి గురువారమూ రాలేదు. మా వదిన కాఫీ కప్పు పక్కకుర్చీ చేతి మీద పెట్టించి, చల్లారిపోయాక తనే తాగింది. ఆ వారం ఆమె కలలు చెప్పలేదు. అడిగితే, "రంగుల్లేకుండా వస్తున్నాయి," అంది.

చివరికి బండివాడు కబురు తెచ్చాడు. గాలికి కప్పు తాటాకు లేచిపోతుంటే కట్టడానికి నిచ్చెనెక్కి ఫ్లోరెన్సియో జారిపడ్డాడట. కాలు విరిగింది. కట్టు వేసి ఇంటికి పంపారు.

మా వదిన లేచి నిలబడింది. "మిరేయా, పొద్దున బండి మాట్లాడు."

"నేను తీసుకెళ్లి ఇచ్చొస్తానుగా అక్కా, ఏం పంపాలో చెప్పు," అన్నాడు ఎవెలియో.

"నువ్వెళ్తే మాటలు ఇచ్చొస్తావు. నేను ర్యామ్ ఇవ్వాలి."

ఎవెలియో నావైపు చూశాడు. నేను పప్పు ఏరుకుంటున్నట్టు తల దించుకున్నాను.

మర్నాడు పొద్దున మంచు దట్టంగా పట్టి ఉంది. దారి లేదు, చెట్లు లేవు, గుర్రం చెవులు మాత్రమే కనబడుతున్నాయి. ముందు ఎదురొచ్చే బండి గంట మోత వినబడి, తర్వాత దీపం, తర్వాత మనిషి, మళ్లీ గంట. నాకు భయమేసి బండి అంచు గట్టిగా పట్టుకున్నాను. మా వదిన మాత్రం హాయిగా కూర్చుంది. "ఇవాళ మీకందరికీ నా కళ్లొచ్చాయి. జాగ్రత్తగా వాడుకోండి," అంది. దారిపొడుగునా తడిసిన మట్టి, విరిగిన యూకలిప్టస్ కొమ్మల వాసన. మంచులో నుంచి ఒక పాక మొండిగోడల్లాంటి కర్రలు తేలుతూ వచ్చి మళ్లీ మునిగిపోయాయి.

ఫ్లోరెన్సియో వసారాలో, కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు.

"కూర్చోండి అన్నయ్యగారూ," అన్నాను. ఆ పిలుపు నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఎవెలియో నోటిదురద నాకూ అంటుకుంది.

లోపల కంప్యూటరు మీద నైలాను పట్టా కప్పి ఉంది, పక్కన రెండు బక్కెట్లు. కప్పు కారుతుంటే ముందు మంచం కాదు, మెషీనే కాపాడుకున్నాడు.

మా వదిన ఆయన ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది. సూటిగా మాట మొదలెట్టింది.

"మీరు నాకు ఏడాదంతా ఒకటే ర్యామ్ చూపించారు."

ఆయన టోపీ ఇటునుంచి అటు తిప్పాడు. "ఎప్పుడు తెలిసింది?"

"రెండో వారమే."

"మరి అనలేదేం?"

ఆమె జేబులోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి చూశాడు. ఇటు చిప్‌లు, అటు చిప్‌లు. లెక్కపెట్టినట్టున్నాడు, పెదవులు కదిలాయి.

"ఇదెప్పటినుంచి ఉంది మీ దగ్గర?"

"మామిడి పూత నుంచి."

చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. తర్వాత ఫ్లోరెన్సియో నవ్వడం మొదలుపెట్టాడు. కాలు కదిలి నొప్పి పుట్టి, "అమ్మా" అని, మళ్లీ నవ్వాడు. "నాకన్నా పెద్ద దొంగండీ మీరు," అన్నాడు.

"మీరు గీటు చెరపాల్సింది. అదైనా తెలియకపోతే ఏం దొంగ?" అంది.

మెషీన్ మూత నేను తీశాను. మా వదిన ముందు ఇనుప పెట్టెను అరచేత్తో ముట్టుకుంది, ఒంట్లో పేరుకున్న కరెంటు దిగిపోవాలట. తర్వాత లోపల చేయి పెట్టి, స్లాట్ వెతికి, అందులోని గట్టు మీద వేలు ఆనించింది. ర్యామ్ గాటు దానికి ఎదురు తెచ్చి, రెండు బొటనవేళ్లతో నొక్కింది. రెండు కొసల్లో కొక్కేలు టక్కు టక్కుమన్నాయి.

అంతా అయ్యాక బటన్ నొక్కబోతే కరెంటు లేదు.

తుఫాను తర్వాత కరెంటు అలాగే ఉంది, వస్తే వచ్చినట్టు. చేసేదేముంది, కూర్చున్నాం. పక్కింటావిడ కర్రపెండలం ఉడికించి, వెల్లుల్లి, పుల్ల నారింజ రసం పోసి పంపింది. తిన్నాం. మంచు మెల్లగా విడిపోయి, ఎండ వచ్చి, నేలంతా ఆవిర్లు కక్కింది. ఫ్లోరెన్సియో చెబుతున్నాడు, భార్య పోయాక ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందో. ఆ నిశ్శబ్దంలోనే ఒకరోజు మొదటిసారి పిట్ట వినబడిందట. అంతకుముందు కూడా పాడేదేగా, వినడానికి చెవులు ఖాళీగా లేవు అన్నాడు. మా వదిన గ్రేడింగ్ షెడ్డు గురించి చెప్పింది. ఇన్నేళ్లలో మాకు చెప్పని సంగతులు. చూపు పోతున్నప్పుడు ఎవరికీ చెప్పకుండా పక్కావిడ కుప్పను చూసి రంగులు ఊహించిందట, పని పోతుందని. ఆఖరికి ఒకరోజు తనే లేచి, ఆకులు బల్లమీద పెట్టి, తలుపు తడుముకుంటూ బయటికి వచ్చేసిందట. నేను ఆ మాటలు వింటూ వింటూ స్తంభానికి ఆనుకుని నిద్రలోకి జారిపోయాను.

పొద్దు వాలుతుండగా ఫ్రిజ్ గుర్రుమంది. కరెంటు! నేనే వెళ్లి బటన్ నొక్కాను.

మెషీన్ కూసింది. ఒకటి, రెండు, మూడు. తెర నల్లగానే ఉంది.

ఫ్లోరెన్సియో ముఖం చూడలేకపోయాను. "పోనీలెండి, ఇంకో గురువారం," అని ఆయనే మమ్మల్ని ఓదార్చబోయాడు. మా వదిన ముఖంలో రంగు లేదు. జాతి తప్పా? తన వేళ్లు తప్పాయా? మెషీన్ ఆపించి, ర్యామ్ బయటికి తీసింది. గోటితో పళ్లు గీసింది. గీసిన గోరు ముక్కు దగ్గర పెట్టుకుంది. హఠాత్తుగా పగలబడి నవ్వింది.

"వెల్లుల్లి! పిండి! చెమట! నా జేబులో పెట్టుకుని అన్నిరోజులు తిప్పితే పళ్లకి జిడ్డుపట్టక ఏం చేస్తుంది? రబ్బరుందా ఇంట్లో?"

ఇల్లంతా వెతికితే ఒక పెన్సిలు దొరికింది, దాని వెనక కొసన కొరికేసిన రబ్బరు ముక్క. ఆమె ఒళ్లో గుడ్డ పరుచుకుని ఒక్కో పన్నూ మెల్లగా రుద్దింది. ఊదింది. మళ్లీ రుద్దింది. తలుపులోంచి వచ్చే ఎండలో ఆ పళ్లు తళతళ మెరవడం నాకు కనబడింది. మళ్లీ టక్కు టక్కు.

ఈసారి ఒకటే కూత. తెర నీలమైంది.

ఫ్లోరెన్సియో అన్నిటికంటే పొడుగు పాట పెట్టమన్నాడు. ఒక తెల్లవారుజామంతా కొండమీద కూర్చుని పట్టుకొచ్చిందట, ఇంతవరకు తను కూడా చివరిదాకా వినలేదు. ముందు ఆకుల మీద చినుకులు. ఎవరో దూరంగా గొంతు సవరించుకోవడం, అది ఆయనే. తర్వాత పిట్ట. ఒకటి పలికింది, లోయ అవతల నుంచి ఇంకోటి జవాబిచ్చింది. ఎక్కడా ఆగలేదు. గదిలో వెలుగు పసుపై, నారింజై, వంకాయరంగై, మేం ముగ్గురం అలాగే కూర్చున్నాం. నాకు ఆ ఇల్లు మెల్లగా నేల వదిలి మంచుమీద తేలుతున్నట్టనిపించింది. మా వదిన కళ్లు మూసుకుని ఉంది, చేతులు ఒళ్లో తెరిచి ఉన్నాయి, ఏమీ ఏరకుండా. ఆ సంచి వచ్చాక, మెలకువలో ఆమె చేతులు అలా ఊరికే ఉండగా చూడ్డం నాకదే మొదటిసారి.

తిరుగు బండిలో మా వదిన ఖాళీ జేబు తడుముకుంటూ కూర్చుంది.

"ఏమాలోచిస్తున్నావు వదినా?"

"ఆ ఇంట్లో కాఫీ మరీ పల్చన, మిరేయా. ఎవరో ఒకరు నేర్పాలి," అంది.

ఫ్లోరెన్సియో కాలి కట్టు విప్పాక ఆమె తన ఉయ్యాల కుర్చీ, సంచి తీసుకుని కొండల కిందికి వెళ్లిపోయింది. పెళ్లంటూ పెద్ద హడావుడేం లేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, మా వాకిట్లో అన్నం, నల్ల చిక్కుళ్లు, వేయించిన పందిమాంసం, వీధివాళ్లందరికీ తలో గుక్క రమ్. ఎవెలియో ఆ రోజంతా "బావా, బావా" అని గొంతు పోయేలా పిలిచాడు, ఇప్పుడైతే చెప్పులు రావని. సాయంత్రం బండి కదిలి పోయాక మాత్రం, ఖాళీ అయిన చోట నిలబడి స్తంభానికి సున్నం ఊడిందంటూ అక్కడే చాలాసేపు గీకుతూ ఉండిపోయాడు. నేను పిలవలేదు.

జనం ర్యామ్‌లు పట్టుకుని అంతదూరం వెళ్లడం మొదలుపెట్టారు. ఆ గుర్రబ్బండివాడికి అది ఒక కొత్త బేరమైంది. కొన్నేళ్లకు గాటు మళ్లీ నడుమకు జరిగిన రకం, కింది అంచు కాస్త వంపు తిరిగిన రకం వచ్చింది. మా వదిన దాన్ని మొదటిసారి ముట్టుకుని, "ఇదెవరమ్మా కొత్త పెళ్లికూతురు?" అందట. ఫ్లోరెన్సియో ఈ మాట మాకు చెబుతూ మురిసిపోయాడు.

ఆ పాత మెషీన్ కూడా చివరికి కాలిపోయింది, ఒక మధ్యాహ్నం కరెంటు ఎగిరిపడి. అప్పటికి మేనల్లుడు ఇంకోటి పంపాడు, పాటలన్నీ దాంట్లోకి మార్చుకున్నారు. పాత ఇనుప పెట్టెను ఎవెలియో విడిభాగాలకని అడిగాడు, వాళ్లివ్వలేదు. లోపలి సామానంతా తీసి ఇచ్చి, ఒట్టి పెట్టె వసారాలో ఉంచుకున్నారు. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి వాళ్లిద్దరూ దాని ముందు వంగి గుసగుసలాడుతున్నారు. ఒక ఎర్ర కోడి గడ్డి పోగేసుకుని దాంట్లో పొదిగి కూర్చుని ఉంది. ఫ్లోరెన్సియో నన్ను చూసి పెదవులమీద వేలు పెట్టాడు. మా వదిన లోపలికి చేయి పోనిచ్చి, కోడి పొట్ట కింది గుడ్లు మెల్లగా తడుముతూ, ఏది పిల్లవుతుందో ఏది మురుగుతుందో చెబుతోంది.